బంతి విసిరే చేయి: తాతయ్యల కాలం నుంచి మన కాలం దాకా



ఒక శనివారం మన తెలుగు బడిలో జరిగిన సంగతితో ఈ పాఠం మొదలుపెడతాను. ఆ రోజు పిల్లలకి భూతకాలం చెబుతున్నాను. "వచ్చాడు, చూశాడు, వెళ్ళాడు" అని బోర్డు మీద రాస్తుంటే పిల్లలు ఆవులిస్తున్నారు. మనవణ్ణి బడికి తీసుకొచ్చిన ఒక తాతగారు వెనక వరసలో కూర్చుని ఉన్నారు. గోదావరి జిల్లా నుంచి కొడుకు ఇంటికి ఆరు నెలలు ఉందామని వచ్చారు. మనవడికి తెలుగు అర్థమవుతుంది గానీ, బదులు ఇంగ్లీషులోనే వస్తుంది. "అన్నం తిన్నావా?" అని ఆయనా, "యెస్" అని వీడూ. అంతకు మించి ఇద్దరి మధ్యా మాటలు లేవని వాళ్ళమ్మ నాతో చాలాసార్లు బాధపడింది.

ఆ అబ్బాయి నెత్తిమీద న్యూజిలాండ్ క్రికెట్ జట్టు నల్ల టోపీ ఉంది. తాతగారు దాన్ని చూసి, "ఏరా, ఈ టోపీ పెట్టుకున్నావు గదా, రిచర్డ్ హాడ్లీ ఎవరో తెలుసునా నీకు?" అని అడిగారు. వాడు తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "పోనీ, మా ఆలమూరు వెంకటపతి రాజు?" మళ్ళీ అడ్డంగానే. "అయితే విను" అంటూ తాతగారు లేచి ముందుకు వచ్చారు. నేను సుద్దముక్క కింద పెట్టాను. ఆ పూట భూతకాలం పాఠం ఆయనే చెప్పారు. ఆయన చెప్పినదానికి, తరువాత నేను చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

క్రైస్ట్‌చర్చ్‌లో ఒక మ్యాచ్

1990 ఫిబ్రవరిలో క్రైస్ట్‌చర్చ్ లాంకాస్టర్ పార్కులో భారత్, న్యూజిలాండ్ టెస్టు ఆడాయి. భారత జట్టుకి కెప్టెన్ మన హైదరాబాదు అజహరుద్దీన్. ఆయన కెప్టెన్‌గా ఆడిన మొదటి టెస్టు అదే. ఆలమూరులో పుట్టి హైదరాబాదు తరఫున ఆడిన ఎడమచేతి స్పిన్నర్ వెంకటపతి రాజుకి అసలు మొదటి టెస్టే అది. బంతి వేయడానికి ఎంపికైన ఆ కుర్రవాణ్ణి ముందుగా బ్యాటుతో దింపారు. సన్నగా ఉండే రాజు రెండు గంటలకు పైగా నిలబడి 31 పరుగులు చేశాడు. అవతలి వైపు ఒకరి తరువాత ఒకరు ఔటవుతూనే ఉన్నారు.

ఆ మ్యాచ్‌లోనే, ఫిబ్రవరి 4న, రిచర్డ్ హాడ్లీ సంజయ్ మంజ్రేకర్‌ని బౌల్డ్ చేసి టెస్టుల్లో 400వ వికెట్టు తీశాడు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ ఆ అంకె చేరలేదు. ఇక్కడ ఆట మొదలయ్యేసరికి గోదావరి ఒడ్డున ఇంకా తెల్లవారలేదు. "మర్నాడు పేపరు వస్తే, మావాడి 31 ముందు చదివి, ఆ తరువాత హాడ్లీ 400 చదివాను" అన్నారు తాతగారు. మ్యాచ్ మాత్రం న్యూజిలాండ్ పది వికెట్ల తేడాతో గెలిచింది. ఆ మైదానం 2011 భూకంపంలో దెబ్బతింది. తరువాత దాన్ని కూల్చేశారు.

చేయి పైకి లేచిన కథ

పిల్లలూ, బంతి విసిరే చేయి ఎప్పుడూ ఇప్పటిలా తల పైనుంచి తిరిగేది కాదు. తొలిరోజుల్లో బంతిని కింది నుంచి, గోళీ దొర్లించినట్టు వేసేవారు. తరువాత పక్కనుంచి విసరడం మొదలైంది. భుజం ఎత్తు వరకు చేయి లేపవచ్చని 1835లో నిబంధన వచ్చింది. 1864లో భుజం పైనుంచి వేయడానికీ అనుమతి దొరికింది. ప్రతిసారీ బౌలర్లు ముందు చేసి చూపించారు, నిబంధన వెనక వచ్చింది.

కింది నుంచి వేసే పద్ధతి అందరూ మరిచిపోయినా, నిబంధనల్లో ఒక మూల అలాగే మిగిలిపోయింది. 1981 ఫిబ్రవరి 1న మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాతో ఒకరోజు మ్యాచ్. స్కోరు సమం చేయాలంటే న్యూజిలాండ్‌కి చివరి బంతికి 6 పరుగులు కావాలి. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌తో బంతిని నేలమీద దొర్లించమన్నాడు. దొర్లే బంతిని సిక్సర్ కొట్టడం ఎవరి తరం? బ్రయాన్ మెకెక్నీ దాన్ని ఆపి, కోపంతో బ్యాటు విసిరేశాడు. అప్పటికి అది నిబంధనలకు విరుద్ధం కాదు. కానీ న్యాయం కాదని అందరికీ తెలిసింది, ఆ తరువాత ఒకరోజు మ్యాచుల్లో దాన్ని నిషేధించారు. ఇక్కడి పెద్దవాళ్ళని ఎవరినైనా ఆ బంతి గురించి అడిగి చూడండి. నిన్న జరిగినట్టే చెబుతారు.

హాడ్లీ తగ్గించుకున్నది, పెంచుకున్నది

హాడ్లీ మొదట్లో చాలా దూరం నుంచి పరుగెత్తి వచ్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేసేవాడు. 1976లో వెల్లింగ్టన్‌లో భారత్ మీద ఒక ఇన్నింగ్స్‌లో 23 పరుగులిచ్చి 7 వికెట్లు తీసిన రోజుల్లో ఆయన పద్ధతి అదే. తరువాత పరుగు తగ్గించుకున్నాడు. వేగం తగ్గిపోతుందని కొందరు పెదవి విరిచారు. కానీ ఒంటికి అలసట తగ్గింది, బంతి అనుకున్న చోట పడటం పెరిగింది. 1985లో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియన్లను 9 మందిని 52 పరుగులకే ఔట్ చేశాడు. మిగిలిన ఒక్క వికెట్టుకి క్యాచ్ పట్టింది కూడా ఆయనే! 86 టెస్టుల్లో 431 వికెట్లతో ఆట ముగించాడు. న్యూజిలాండ్ బౌలర్లలో ఆ లెక్క ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

బంతి గాలిలో ఎందుకు వంగుతుంది? బంతి నడుము చుట్టూ దారపు కుట్టు ఉంటుంది. బౌలర్లు ఒక పక్కని రుద్ది నునుపుగా ఉంచుతారు, రెండో పక్క గరుకుగా మారుతుంది. కుట్టుని కొంచెం ఏటవాలుగా పట్టుకుని వేస్తే రెండు పక్కలా గాలి ఒకేలా సాగదు, అందుకని బంతి ఒక వైపుకి వంగుతుంది. అదే స్వింగ్.

తిప్పేవాళ్ళు

ఈ రెండు దేశాల టెస్టుల చరిత్ర మొదలైంది ఎక్కడో తెలుసా? మన హైదరాబాదులో! 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో తొలి టెస్టు జరిగింది. దానికి భారత కెప్టెన్ హైదరాబాదు ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. వేళ్ళతో బంతిని తిప్పే విద్య హైదరాబాదులో ఆ తరువాతా సాగింది. శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, వెంకటపతి రాజు, అందరూ ఆ కోవలోని వారే.

స్పిన్నర్ అంటే బంతి పాతబడ్డాక వచ్చేవాడు అని అందరూ అనుకునేవారు. 1992 ప్రపంచ కప్‌లో ఆక్లండ్ ఈడెన్ పార్కులో కెప్టెన్ మార్టిన్ క్రో కొత్త బంతిని ఆఫ్ స్పిన్నర్ దీపక్ పటేల్ చేతికి ఇచ్చాడు. ఆస్ట్రేలియా వాళ్ళకి ఏం జరుగుతోందో అర్థమయ్యేలోగా మ్యాచ్ చేజారింది. ఆ దీపక్ పటేల్ కెన్యాలోని నైరోబీలో పుట్టినవాడు.

ముంబయిలో పుట్టిన ఎజాజ్ పటేల్ ఎనిమిదేళ్ళ వయసులో తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చాడు. మొదట్లో వేగంగా వేసేవాడు, తరువాత ఎడమచేతి స్పిన్ నేర్చుకున్నాడు. 2021 డిసెంబరులో, పుట్టిన ఊళ్ళోనే, వాంఖెడే మైదానంలో ఒక ఇన్నింగ్స్‌లో భారత్ పది వికెట్లూ తానే తీశాడు. టెస్టుల్లో అంతకు ముందు ఆ పని చేసినవాళ్ళు ఇద్దరే: జిమ్ లేకర్, అనిల్ కుంబ్లే. అయినా ఆ మ్యాచ్‌లో న్యూజిలాండ్ చిత్తుగా ఓడింది. 2024లో అదే మైదానంలో ఎజాజ్ 11 వికెట్లు తీశాడు, ఈసారి న్యూజిలాండ్ గెలిచింది.

ఇంకా ఏమేం మారాయి?

1979 దాకా దాదాపు పదేళ్ళపాటు న్యూజిలాండ్‌లో ఓవరుకి 8 బంతులు ఉండేవి. ఇప్పుడు అంతటా 6. బంతి వేసేటప్పుడు మోచేయి 15 డిగ్రీల వరకు చాపవచ్చని 2005లో అందరికీ ఒకే లెక్క పెట్టారు. బంతికి ఉమ్మి రాసి రుద్దడం 2020లో కరోనా వల్ల ఆపించారు, 2022లో అంతర్జాతీయ మ్యాచుల్లో పూర్తిగా నిషేధించారు. అక్కడ చెమటతోనే రుద్దుకోవాలి.

పట్టు కూడా మారింది. హైదరాబాదు ఆటో డ్రైవరు గారబ్బాయి మహమ్మద్ సిరాజ్ కుట్టుని నిటారుగా కాకుండా కొంచెం ఊగిసలాడేలా వదులుతాడు. బంతి నేలకి తగిలాక ఎటు పోతుందో బ్యాట్స్‌మన్‌కే కాదు, ఒక్కోసారి వేసినవాడికీ తెలియదు! 2025 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో చివరి రోజున ఆయన వేసిన బంతులతోనే భారత్ 6 పరుగుల తేడాతో గెలిచింది.

తరువాత ఏం జరిగింది?

తాతగారు చివరికి, "ఎన్ని చెప్పినా హాడ్లీలాగా ఇప్పుడు ఎవడూ వెయ్యలేడు" అని తేల్చేశారు. తరగతి నిశ్శబ్దమైపోయింది. అప్పుడు మనవడు లేచి, "లేదు తాతయ్యా, సిరాజ్ ఇంకా బాగా వేశాడు!" అన్నాడు.

వేశాడు! భూతకాలం. ఎవరూ అందించకుండా, తనంతట తాను చెప్పిన తెలుగు వాక్యం. తాతగారు వాదించడం మరిచిపోయి వాణ్ణే చూస్తూ ఉండిపోయారు. ఇప్పుడాయన ఊరికి వెళ్ళిపోయారు. ఆదివారాలు ఫోనులో ఇద్దరూ పోట్లాడుకుంటారట, హాడ్లీ గొప్పా, సిరాజ్ గొప్పా అని. వాడికి మాట దొరకనప్పుడు ఇంగ్లీషు కలుస్తుంది. కలవనివ్వండి, పోట్లాట ఆగకపోతే చాలు.

తల్లిదండ్రులకు ఒక మనవి. "తెలుగులో మాట్లాడు" అంటే పిల్లలకి ఏం మాట్లాడాలో తోచదు. వాళ్ళకి ఇష్టమైన సంగతి మీద పెద్దవాళ్ళతో వాదం పెట్టించండి. క్రికెట్టే కానక్కర్లేదు.

కొత్త మాటలు

కుట్టు: బంతి నడుము చుట్టూ ఉండే దారపు వరస
నునుపు: చేతితో తడిమితే జారేటట్టు ఉండటం
గరుకు: నునుపుకి వ్యతిరేకం
ఏటవాలు: నిటారుగా కాక ఒక పక్కకి వాలి ఉండటం
కోవ: ఒకే రకం వాళ్ళ వరస

ఇంటిపని

1. బంతి గాలిలో ఎందుకు వంగుతుంది? మీ మాటల్లో మూడు వాక్యాలు రాయండి.
2. 1981లో మెల్బోర్న్‌లో జరిగింది న్యాయమా? ఎందుకు?
3. ఈ పాఠంలో "శాడు" తో ముగిసే క్రియలు ఐదు వెతికి రాయండి.
4. మీ తాతయ్యకో, అమ్మమ్మకో, నాయనమ్మకో ఫోను చేసి, వాళ్ళ చిన్నప్పుడు ఇష్టమైన ఆటగాడు ఎవరో అడగండి. వాళ్ళు చెప్పింది రాసుకుని వచ్చే శనివారం తరగతిలో చదవండి. ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోరో కూడా వాళ్ళకి తెలుగులోనే చెప్పండి.