అదే పోతుందిలే అని వదిలేస్తే

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎవరూ అట్లే వదిలేయరు. మనసు కుంగినప్పుడు మాత్రం "ఏం కాదులే అబ్బీ, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది" అంటాం. మామూలు బాధ విషయంలో అది నిజమే. సప్లీ వచ్చినా, స్నేహితుడితో మాట పట్టింపు వచ్చినా కొన్నాళ్లకు మనసు కుదుటపడుతుంది. డిప్రెషన్ అలాంటిది కాదు.

ఎప్పుడు అనుమానించాలి?

దిగులు, లేదా ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, రోజులో ఎక్కువ సేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు పైగా ఉంటే జాగ్రత్త పడాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి తారుమారవుతాయి. ఒళ్లు బరువుగా ఉంటుంది. పుస్తకం తెరిస్తే ఒక పేజీ కూడా బుర్రకెక్కదు. "నేను దేనికీ పనికిరాను" అనిపిస్తుంది. కొందరికి చావు ఆలోచనలు వస్తాయి. ఇది సోమరితనం కాదు, పొగరు కాదు, జబ్బు.

నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్లే. అయితే ఈ జబ్బు ఉన్న 100 మందిలో దాదాపు 85 మందికి చికిత్స అందడం లేదు.

వదిలేస్తే ఏమవుతుంది?

మైకును స్పీకర్ ముందు పెడితే కుయ్యిమని మోత వస్తుంది కదా. స్పీకర్ శబ్దం మళ్లీ మైకులోకి పోయి, ఇంకా పెద్దదై బయటికొస్తుంది. మనం చదువుకున్న పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అదే. చికిత్స లేని డిప్రెషన్ కూడా ఇట్లే తనను తాను పెంచుకుంటుంది. నిద్ర పట్టదు, పొద్దున లేవలేరు. క్లాసు పోతుంది, అటెండెన్స్ తగ్గుతుంది. బ్యాక్‌లాగులు పడతాయి. ఇంట్లో చెప్పలేక సిగ్గుపడి గదిలోనే ఉండిపోతారు. ఒంటరితనం దిగులును ఇంకా పెంచుతుంది. కొందరు మందు తాగి మరిచిపోవాలని చూస్తారు. ఆ పూటకు తేలికైనట్టుంటుంది గానీ నిద్ర ఇంకా పాడై, కుంగుబాటు ఎక్కువవుతుంది.

శరీరమూ దెబ్బతింటుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లకు గుండె జబ్బు, షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. అవి ముందే ఉంటే మందులు సరిగా వేసుకోక ముదురుతాయి. ఒకసారి డిప్రెషన్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మళ్లీ వస్తుంది. ఎంత ఆలస్యం చేస్తే కోలుకోవడం అంత కష్టం. అన్నిటికంటే పెద్ద ప్రమాదం ప్రాణానికే. ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అందరికీ కారణం డిప్రెషనే అనలేం గానీ, సకాలంలో సాయం అంది ఉంటే బతికేవాళ్లు వాళ్లలో ఎందరో ఉంటారు.

కాలేజీల బాధ్యత

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని 2023లో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనిపించేలా పెట్టాలి. కాబట్టి కౌన్సెలర్ కావాలని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

లూపును ఎక్కడ తెంచాలి?

ఎక్కడ తెంచినా మోత తగ్గుతుంది. తేలికపాటి డిప్రెషన్‌కు కౌన్సెలింగే చాలాసార్లు సరిపోతుంది. తీవ్రమైతే మందులూ కావాలి. వాటి ఫలితం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు డాక్టర్లు. "అలవాటైపోతాయి" అనేది అపోహ. కాకపోతే సొంతంగా ఆపేయకూడదు.

వల్లూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మనది ఏ ఊరైనా ఇంట్లో మొదట వినిపించే మాట "దిష్టి తగిలింటాది". దిష్టి తీయనివ్వండి, తప్పు లేదు. మరుసటి రోజు డాక్టరు దగ్గరికీ పోవాలి. కడప రిమ్స్‌లో మానసిక వైద్యులుంటారు. ఊరు దాటలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఏ వేళైనా పలుకుతారు, పైసా ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

రూమ్మేట్ మెస్సుకు రావడం మానేస్తే "ధైర్యంగా ఉండు" అని సరిపెట్టకండి. పక్కన కూర్చుని వినండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగొచ్చు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, లోపలున్న మాట బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. రహస్యంగా ఉంచమన్నా ఉంచకండి. ఇంటివాళ్లకు, వార్డెన్‌కు చెప్పి, వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోండి.