పిచ్చుక రక్తం నుంచి సమీకరణం వరకు: వన్యజీవుల వ్యాధులపై రొనాల్డ్ రాస్ పరిశోధన – రాయలసీమ విస్తరణకు పాఠాలు

సారాంశం

వన్యజీవులకు సోకే వ్యాధిని ప్రయోగంతో నిరూపించి, దాని వ్యాప్తిని గణితంలో వ్యక్తం చేసిన తొలితరం శాస్త్రవేత్తలలో రొనాల్డ్ రాస్ ముఖ్యులు. సికింద్రాబాదులో మొదలైన ఆయన కృషి కలకత్తాలో అడవి పక్షులపై ప్రయోగాలుగా, అనంతరం వ్యాధి వ్యాప్తి నమూనాగా పరిణమించింది. ఆ ఆలోచనా క్రమాన్ని వివరించి, వేరుశనగ కాండం కుళ్ళు వైరస్ తెగులుకు, గొర్రెల పారుడు వ్యాధికి దానిని అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉపోద్ఘాతం

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించారు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఈ ప్రాంతపు భూములను కొలిపించి శిస్తు నిర్ణయించిన అధికారి ఆయన. స్వదేశానికి వెళ్ళే ముందు తనకు పరిచితమైన ఈ జిల్లాలను చివరిసారి చూడడానికి వచ్చి, ఇక్కడే తనువు చాలించారు. కలుషిత జలమే కలరాకు కారణమని జాన్ స్నో లండనులో బలమైన ఆధారాలు చూపినది 1854లో. అంటే భూమిని కొలిచే విద్య బాగా తెలిసిన కాలంలోనే, వ్యాధి ఎక్కడి నుంచి వస్తుందో, ఎంత వేగంతో పాకుతుందో లెక్కించే విద్య ఇంకా పుట్టలేదు. ఆ విద్యకు పునాది వేసిన వారిలో ఒకరు, మన్రో మరణానికి 70 ఏళ్ళ తరువాత తెలుగు నేలపైనే తన తొలి విజయాన్ని చూశారు.

సికింద్రాబాదు నుంచి కలకత్తాకు

1857లో అల్మోరాలో జన్మించిన రాస్ 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మలేరియా వ్యాప్తిలో దోమ పాత్ర ఉండవచ్చని 1894లో లండనులో పాట్రిక్ మాన్సన్ ఆయనకు సూచించారు. 1895లో సికింద్రాబాదు చేరిన రాస్, రెండేళ్ళకు పైగా దోమలను కోసి పరిశీలించారు. 1897 ఆగస్టు 20న, హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలు కనిపించాయి. అవి మలేరియా పరాన్నజీవి ఎదుగుదలలో ఒక దశ.

అయితే ఆ పరిశోధన సాగకముందే ఆయనకు బదిలీ అయింది. 1898 ఫిబ్రవరిలో కలకత్తాలో ప్రత్యేక విధులపై చేరినప్పుడు మరో అడ్డంకి ఎదురైంది. ప్లేగు భయం, టీకాలపై అనుమానం ప్రబలిన ఆ రోజుల్లో సూదిపోటుకు రోగులు ఒప్పుకోలేదు. అప్పుడు రాస్ పిచ్చుకలు, భరతపక్షుల వంటి వాటి వైపు మళ్ళారు. వాటి రక్తంలోనూ మలేరియా జాతికి చెందిన పరాన్నజీవి ఉంటుంది. వన్యజీవుల వ్యాధి అప్పటికి ఆయనకు గమ్యం కాదు. మనిషిలో వెతకలేని ప్రశ్నకు దొరికిన దారి.

పిచ్చుకలపై ప్రయోగాలు

ఈ ప్రయోగాల రచన నేటి విద్యార్థులకు కూడా ఆదర్శప్రాయం. పరాన్నజీవి లేని పిచ్చుక, మధ్యస్థంగా ఉన్న పిచ్చుక, అధికంగా ఉన్న పిచ్చుక – ఈ మూడింటిపై దోమలను వదిలి, ఒక్కొక్క వర్గం నుంచి 10 దోమలను కోసి కణాలను లెక్కించారు. మొదటి వర్గంలో ఒక్కటీ లేదు. రెండవ వర్గంలో 292, మూడవ వర్గంలో 1009 కణాలు కనిపించాయి. పోలిక కోసం ఆరోగ్యవంతమైన వర్గాన్ని ఉంచడం, వ్యాధి తీవ్రతతో పాటు ఫలితం పెరుగుతున్నదో లేదో చూడడం అనే రెండు నియమాలూ ఒకే ప్రయోగంలో ఇమిడి ఉన్నాయి.

అదే ఏడాది జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతున్నదని ఆయన గుర్తించారు. తదుపరి, వ్యాధిగ్రస్త దోమలచేత 28 ఆరోగ్యవంతమైన పిచ్చుకలను కుట్టించగా 22 పిచ్చుకలకు వ్యాధి సోకింది. పక్షి నుంచి దోమకు, దోమ నుంచి పక్షికి – వలయం పూర్తయింది. మనుషుల మలేరియాలో అనాఫిలిస్ దోమ పాత్రను ఇటలీ శాస్త్రవేత్తలు గ్రాసీ, బిగ్నామీ, బాస్టియానెల్లీ అదే ఏడాది చివరలో నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి లభించింది.

లెక్క అవసరమైన సందర్భం

దోమ దోషి అని తేలగానే కొత్త వివాదం మొదలైంది. లాహోరు సమీపంలోని మియాన్ మీర్ సైనిక స్థావరంలో 1901 తరువాత దోమల నిర్మూలన చేపట్టగా ఆశించిన ఫలితం రాలేదు. దోమలన్నింటినీ చంపడం అసాధ్యమనీ, చంపిన చోటికి బయటి నుంచి కొత్తవి వస్తాయనీ విమర్శకులు వాదించారు. చేసిన పని పరిమాణమే చాలలేదని రాస్ సమాధానం. ఈ వాదం మాటలతో తేలేది కాదు.

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సభలో ఆయన ఒక లెక్క చూపారు. దోమ ఒకే దిశలో సాగదు. అటూ ఇటూ తిరుగుతుంది. కనుక అధిక భాగం దోమలు పుట్టిన చోటికి సమీపంలోనే ఉండిపోతాయి. శుభ్రపరచిన ప్రాంతం విశాలమైన కొద్దీ, దాని మధ్యభాగానికి బయటి దోమలు చేరే అవకాశం తగ్గుతుంది. చిన్న ముక్కలో చేసిన పని ఫలించకపోవడానికీ, అదే పని పెద్ద ప్రాంతంలో ఫలించడానికీ కారణం ఇదే. 1908లో మారిషస్ ద్వీపంపై ఇచ్చిన నివేదికలోనూ, 1911లో వెలువడిన గ్రంథం రెండవ ముద్రణలోనూ ఆయన వ్యాధి వ్యాప్తికి గణిత రూపం ఇచ్చారు.

అవధి సూత్రం

ఆ గణితసారాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక వ్యాధిగ్రస్త పిచ్చుకను 20 దోమలు కుట్టాయనుకుందాం. పరాన్నజీవి పక్వమయ్యేవరకు పదింటిలో ఒకటి మాత్రమే బతికితే మిగిలేవి 2. అవి ఒక్కొక్కటి ఒక ఆరోగ్యవంతమైన పిచ్చుకకు వ్యాధిని అంటిస్తే, ఒక రోగి నుంచి ఇద్దరు రోగులు ఏర్పడతారు, వ్యాధి పెరుగుతుంది. దోమలు సగానికి తగ్గితే ఒక రోగికి ఒకే రోగి. వ్యాధి నిలకడగా ఉంటుంది. సగం కంటే ఇంకా తగ్గితే, కొన్ని దోమలు మిగిలి ఉన్నప్పటికీ, వ్యాధి క్రమంగా అంతరిస్తుంది. ఈ హద్దునే అవధి స్థాయి అంటారు. దోమలన్నింటినీ చంపనవసరం లేదు. అవధికి దిగువకు తెస్తే చాలు. విమర్శకులకు రాస్ ఇచ్చిన అసలు సమాధానం ఇదే.

కెర్మాక్, మెక్‌కెండ్రిక్‌లు 1927లో ఈ సూత్రాన్ని ఇతర అంటువ్యాధులకు విస్తరింపజేశారు. సంఖ్య కంటే దోమ ఆయుర్దాయమే కీలకమని 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ చూపారు. వాండర్‌ప్లాంక్ 1963లో సస్యవ్యాధులను ఇటువంటి దృష్టితోనే విశ్లేషించారు.

వన్యమృగాలకు అన్వయం

రాయ్ ఆండర్సన్, రాబర్ట్ మే 1979 నుంచి ఈ సూత్రాలను జంతుజనాభాకు అన్వయించారు. 1981లో సహ పరిశోధకులతో కలిసి ఐరోపా నక్కల రేబిస్‌ను విశ్లేషించారు. నక్కలను వేటాడినా వాటి సంఖ్య త్వరగా పుంజుకొనేది. 1978లో స్విట్జర్లాండులో కోడితలలలో టీకామందు ఉంచి అడవిలో విడిచిపెట్టారు. నక్కను చంపకుండా, వ్యాధి సోకగల నక్కల సంఖ్యను మాత్రమే తగ్గించే ఆ పద్ధతి సఫలమైంది.

తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి మరొక పాఠం నేర్పింది. అక్కడి విల్డెబీస్ట్‌ల రిండర్‌పెస్ట్‌కు మూలం అడవిలో లేదు, చుట్టుపక్కల పశువులలో ఉంది. పశువులకు టీకాలు వేయగా 1960లలో అడవి జంతువులలోనూ వ్యాధి అంతరించింది. అప్పుడు సుమారు రెండున్నర లక్షలున్న విల్డెబీస్ట్‌లు 1970ల చివరికి 13 లక్షలకు చేరాయి. వ్యాధి కనిపించే చోటు, వ్యాధి నిలిచి ఉండే చోటు ఒకటి కావలసిన అవసరం లేదు.

రాయలసీమలో

2000 సంవత్సరంలో, పత్తికొండకు పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్ళు వైరస్ తెగులు దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటినట్లు అంచనా. పొగాకు స్ట్రీక్ వైరస్ దీనికి కారణం. గట్ల మీద, బాటల పక్కన పెరిగే వయ్యారిభామ పైకి ఏ లక్షణమూ చూపకుండా ఈ వైరస్‌ను మోస్తుంది. దాని పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకొని వేరుశనగ ఆకులపైకి చేరుతుంది. పురుగులు ఆకును గీరినప్పుడు వైరస్ లోనికి ప్రవేశిస్తుంది.

ఇక్కడ పిచ్చుక స్థానంలో వయ్యారిభామ, దోమ స్థానంలో పుప్పొడి మోసే తామర పురుగు ఉన్నాయి. మూలం చేను వెలుపల ఉన్నందున, చేలోని రోగగ్రస్త మొక్కలను పీకడం వల్ల ప్రయోజనం స్వల్పం. వయ్యారిభామను పూత రాకముందే తొలగించడం, చేను చుట్టూ జొన్న లేదా సజ్జ వరుసలు వేయడం అనేవి రెండు వేర్వేరు లంకెలను బలహీనపరుస్తాయి. అయితే ఒక్క రైతు తన గట్టును మాత్రమే శుభ్రం చేస్తే పక్క గట్టు నుంచి, పోరంబోకు నుంచి పుప్పొడి వస్తూనే ఉంటుంది. 1904 నాటి లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది: ఊరంతా ఒకేసారి కదిలితేనే ఊరి నడుమ ఉన్న చేను సురక్షితం.

కర్నూలు ప్రాంతంలో గొర్రెల మందలు, కృష్ణజింకలు ఒకే బీడులో మేస్తాయి. మంగోలియాలో 2016–17లో పశువుల నుంచి పారుడు వ్యాధి సోకి వేలాది సైగా జింకలు చనిపోయాయి. జింకకు టీకా వేయడం సాధ్యం కాదు, గొర్రెకు వేయవచ్చు. మందలకు క్రమం తప్పక టీకాలు వేయించడం కాపరికీ, జింకకూ కూడా రక్షణ.

ముగింపు

క్షేత్రస్థాయిలో తెగులు లేదా వ్యాధి కనిపించినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త మందు పేరు చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. వ్యాధి ఎక్కడ నిలిచి ఉంది? ఏ లంకె ద్వారా వస్తున్నది? ఆ లంకెను లెక్కించడం ఎలా? ఎంత విస్తీర్ణంలో, ఎంతవరకు తగ్గిస్తే అవధికి దిగువకు చేరుతుంది? చివరి ప్రశ్నను విస్మరిస్తే సరైన సిఫారసు కూడా మియాన్ మీర్‌లో వలె విఫలమవుతుంది. ఆ వైఫల్యాన్ని చూసిన రైతు మరుసటి ఏడాది ఆ సిఫారసును నమ్మడు. పది పిచ్చుక దోమలను కోసి కణాలను ఒక్కొక్కటిగా లెక్కించిన ఓర్పు, వయ్యారిభామ మొక్కలను గట్టు గట్టుకూ తిరిగి లెక్కించే విద్యార్థికి కూడా అవసరమే.