స్టాంపు కాగితంతో విడాకులు కావు బిడ్డా

హనుమకొండ

లావణ్యా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం రెండుసార్లు చదివాను. వంద రూపాయల స్టాంపు పేపరు, కింద ఐదుగురు కుల పెద్దల సంతకాలకు జాగా, మూడు లక్షలు ముట్టినట్టు ఒక వాక్యం, ఇక ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదని, ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని ఇంకో వాక్యం. ఆదివారం కూర్చుంటున్నారు, ఆలోపు నీ మాట చెప్పు చిన్నబాపూ అన్నావు. నా మాట ఇదీ: దాని మీద సంతకం పెట్టకు. విడిపోవద్దని కాదు నేననేది. కలిసి ఉండాలా, విడిపోవాలా అన్నది నువ్వూ అల్లుడూ తేల్చుకోవాల్సిన సంగతి, అందులో నేను తలదూర్చను. కానీ ఈ కాగితంతో మీరు విడిపోరు.

కుల పెద్దలంటే నాకు చిన్నచూపు లేదు. కొత్తవాడలో దర్రీల మజూరీ తగాదాలు, అన్నదమ్ముల ఇంటి గోడ గొడవలు వాళ్లు తీర్చినన్ని కోర్టు తీర్చి ఉండదు. పెద్దలు నీతో ‘మన ఆచారానికి చట్టంలోనే చోటుంది’ అంటారు చూడు, అది అబద్ధం కాదు. 1955 హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను రద్దు చేయలేదు. అయితే అలాంటి ఆచారం ఆ కులంలో, ఆ ప్రాంతంలో ఎంతోకాలంగా ఎడతెగకుండా నడుస్తోందని, ఉందన్నవాళ్లే కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. 2002లో ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఆ రుజువు ఎంత కష్టమో కోర్టు రికార్డు రూములో పనిచేసినవాడిగా నాకు తెలుసు. పాత ఫైళ్లలో ఇలాంటి స్టాంపు కాగితాలు ఎగ్జిబిట్లుగా ఎన్నో కనిపించేవి. అవి కోర్టుదాకా ఎందుకొచ్చాయో ఆలోచించు. కాగితం రాసుకున్నాక ఇద్దరిలో ఒకరు ఇంకో పెళ్లి చేసుకున్నారు, ఆ పెళ్లి చెల్లదని మరొకరు కేసు వేశారు. రేపు నువ్వు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఈ కాగితం నిన్ను కాపాడదు. మొదటి పెళ్లి రద్దు కాకుండా రెండోది చేసుకోవడం నేరం. పాస్‌పోర్టు ఆఫీసులోనైనా, పింఛను దగ్గరైనా నిన్ను అడిగేది కోర్టు డిక్రీనే.

అల్లుడు కూడా విడాకులే కోరుతున్నాడు గనక మీ ఇద్దరికీ దగ్గరి దారి పరస్పర అంగీకార విడాకులు. ఇది 1976లో చట్టంలోకి వచ్చిన 13బి సెక్షన్. ఏడాది పాటు విడిగా ఉండి ఉండాలి. నువ్వు బతుకమ్మకని వచ్చి ఆగిపోయాక రెండో బతుకమ్మ కూడా వెళ్లిపోయింది, కాబట్టి ఆ షరతు తీరినట్టే. ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ మీద సంతకం చేసి వేస్తారు. జడ్జి ఇద్దరినీ అడిగి, ఎవరి బలవంతమూ లేదని వాంగ్మూలం తీసుకుంటారు. దాన్ని ఫస్ట్ మోషన్ అంటారు. ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి. అప్పుడు డిక్రీ వస్తుంది. ఆరు నెలలు ఆగి తీరాలన్న పట్టింపు ఇప్పుడు లేదు. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ గడువును మాఫీ చేసే అధికారం జడ్జికి ఉందని చెప్పింది. అయితే దానికి ముందే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి, రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల సంగతి పూర్తిగా తేలి ఉండాలి. ఫస్ట్ మోషన్ అయిన వారం తర్వాత ఆ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తేలి ఉండాలన్న మాట దగ్గర కాసేపు ఆగు. రెండో వాంగ్మూలం అయ్యి డిక్రీ వచ్చేదాకా ఎవరైనా తమ అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. 1991లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది. ఇది నీకు రక్షణ, అల్లుడి వాళ్లకు భయం. అందుకే వాళ్లు మొత్తం డబ్బు ముందే ఇవ్వరు, నువ్వేమో డబ్బు అందకుండా చివరి వాంగ్మూలం ఇవ్వకూడదు. అదాలత్ దగ్గర వకీళ్లు దీనికొక పద్ధతి పెట్టుకున్నారు. ఫస్ట్ మోషన్ రోజున కొంత, మిగతాది రెండో వాంగ్మూలం రోజున జడ్జి ముందే డిమాండ్ డ్రాఫ్టుగా ఇస్తారు. పిటిషన్‌లోనే డ్రాఫ్టు నంబరు రాయించు. నగదు మాటెత్తితే ఒప్పుకోకు, పెద్దల చేతుల మీదుగా అసలే వద్దు.

ఇంతకీ ఆ మూడు లక్షల లెక్క ఎక్కడిది? నీ బంగారం ఎంతో, సామాను ఎంతో, పాప చదువు ఖర్చు ఎంతో ఎవరైనా కూర్చుని రాశారా? రాయలేదు. ఒకరు ఐదన్నారు, ఒకరు రెండన్నారు, మధ్యలో మూడు దగ్గర ఆపారు. నీకు పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు పెట్టిన బంగారం, బట్టలు, పాత్రలు నీ సొంతం. భివండిలో అత్తింటి బీరువాలో ఉన్నా నీవే. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్త్రీధనం గురించి చెప్పింది ఇదే. భర్త దగ్గరున్నంత మాత్రాన అతని ఆస్తి కాదు, అడిగినప్పుడు తిరిగివ్వాలి. అది భరణంలో కలిపే లెక్క కాదు. ఇచ్చిన కట్నం కూడా అంతే. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 చట్టం ప్రకారం నేరమే, అయినా ఇచ్చినది ఆడపిల్లకే చెందాలని అదే చట్టం 6వ సెక్షన్ అంటుంది. మీ అమ్మను, అంటే మా వదినను, అడిగి బంగారం దుకాణం బిల్లులు, పెళ్లి ఆల్బమ్ తీసి పెట్టు. ఫొటోల్లో నీ ఒంటి మీద ఏ నగ ఉందో చూసి ఒక జాబితా రాయి.

పాప సంగతి వేరే పేరాలో రాయాల్సిందే. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 గార్డియన్‌షిప్ చట్టం చెబుతుంది. తర్వాత ఎవరి దగ్గరున్నా జడ్జి చూసేది పిల్ల క్షేమం ఒక్కటే. ఆ కాగితంలో ‘పాప ఖర్చులు తల్లే భరించును’ అని రాశారు చూశావా? నాకు కోపం వచ్చింది అక్కడే. నీ భరణం నువ్వు వద్దనుకోవచ్చు, పాప భరణం వదులుకోవడానికి నువ్వెవరు? అది పాప హక్కు. నెలకు ఎంత, ఏ తారీఖున, ఎవరి ఖాతాలో, ఏడాదికెంత పెరుగుతుంది, సెలవుల్లో తండ్రి ఎప్పుడు చూడొచ్చు అన్నవి విడివిడిగా రాయించు. పాపను చూడనివ్వనని మాత్రం అనకు. అతని మీద కోపం ఆ పిల్ల మీద తీర్చుకున్నట్టు ఉంటుంది.

ఒప్పందం కుదరకపోతే? అప్పుడు 13వ సెక్షన్ కింద ఒక్కదానివే వేయాలి. క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో, వివాహేతర సంబంధమో, ఏదో ఒక కారణం రుజువు కావాలి. ‘మాకు పడటం లేదు’ అన్నది చట్టంలో కారణం కాదు. పెళ్లి ఇక కోలుకోదని చెప్పి విడదీసే అధికారం సుప్రీంకోర్టుకు 142వ అధికరణం కింద ఉందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది గానీ, ఆ అధికారం ఫ్యామిలీ కోర్టుకు లేదు. సమన్లు, కౌంటర్, రాజీ ప్రయత్నం, సాక్ష్యం, క్రాస్, వాదనలు, ఒక్కోదానికి ఎన్ని వాయిదాలో చెప్పలేం. సికింద్రాబాద్ ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఒక కేసు నువ్వు తెలుసుకోవాలి. 1999లో పెళ్లి. పెళ్లయిన ఒకట్రెండు రోజుల్లోనే పెద్దల మధ్య గొడవ. ఆ తర్వాత క్రిమినల్ కేసులు, హైకోర్టు. చివరికి మానసిక క్రూరత్వం కింద సుప్రీంకోర్టు విడాకులిచ్చింది 2013లో. ఇలాంటి కేసులను మొదట్లోనే మీడియేషన్‌కు పంపాలని ఆ తీర్పులోనే కోర్టులకు చెప్పింది. ఆ దంపతుల యవ్వనమంతా వాయిదాల్లో పోయాక వచ్చిన సలహా అది. అందుకే కోర్టు మీడియేషన్‌కు పంపితే మొక్కుబడిగా వెళ్లి రాకు. నీ లెక్క, పాప లెక్క రాసుకుని వెళ్లు.

ఎక్కడ వేయాలని అడిగావు. పెళ్లి వరంగల్‌లో జరిగింది, నువ్వు ఉంటున్నది కొత్తవాడలో. రెండు విధాలా ఇక్కడే వేయొచ్చు. భార్య తానుంటున్న చోటే వేసుకునే వీలు 2003 నుంచి ఉంది. అల్లుడే ముందు మహారాష్ట్రలో వేస్తే బెదిరిపోకు, ఇక్కడికి మార్చమని సుప్రీంకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేసుకోవచ్చు. కొత్త కోర్టు భవనాలు నువ్వు చూసే ఉంటావు, 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు వచ్చి ప్రారంభించారు. వకీలుకు డబ్బు లేదన్న దిగులు వద్దు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. నలుగురిలో పరువు పోతుందన్నావు గానీ, ఇలాంటి కేసు మూసిన గదిలో నడుస్తుంది, పేపర్లో వేయడానికి కూడా వీల్లేదు. పెద్దల పంచాయతీ వాడంతా వింటుంది, కోర్టు వాదన ఎవరూ వినరు.

కేసు నడుస్తుండగా పూట గడవడానికి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కేసు ఖర్చులు అడగొచ్చు. విడాకుల కేసు లేకపోయినా భరణం అడిగే పాత 125 సెక్షన్ 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 144 అయింది. 2020 నాటి రజ్నేష్ కేసు తీర్పు తర్వాత ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలి. భరణం కూడా దరఖాస్తు వేసిన రోజు నుంచే లెక్క. అల్లుడు నాకు మజూరీ తప్ప ఏమీ లేదంటే బ్యాంకు ఖాతా మాట్లాడుతుంది. నువ్వు కుట్టుపని చేసి తెచ్చుకునే నాలుగు రూపాయలు కూడా దాచకు.

తమ్ముడు పోలీసు కేసు పెడదామంటున్నాడట. నిన్ను కొట్టి ఉంటే, ప్రాణభయం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. 181కి ఫోన్ చేయి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ, ఉండటానికి ఇల్లు, ఖర్చులు అడగొచ్చు. భార్యను వేధించడం మీద ఉన్న పాత 498ఎ ఇప్పుడు బీఎన్‌ఎస్‌లో 85, 86 సెక్షన్లుగా ఉంది. కానీ బంగారం రాబట్టడానికి మరుదులను, ఆడబిడ్డను కలిపి రాయిద్దామన్న ఆలోచన మానుకో. 2014 నుంచి వెంటనే అరెస్టులూ లేవు, రాజీ కుదిరే దారి మూసుకుపోతుంది, జరగనిది రాస్తే క్రాస్‌లో నిలబడలేవు.

అల్లుడి వాళ్లు కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద వేస్తామని బెదిరించారని రాశావు. 1983లో సినీనటి సరిత కేసులో మన హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. మరుసటేడు సుప్రీంకోర్టు వేరే కేసులో దాన్ని నిలబెట్టింది. నా మటుకు చౌదరి గారి తీర్పే నచ్చుతుంది. ఏదైనా నిన్నెవరూ చెయ్యి పట్టుకుని భివండి రైలెక్కించరు. డిక్రీ వచ్చి ఏడాదైనా కాపురం కలవకపోతే అదే విడాకులకు కారణమవుతుంది, అంతే. నోటీసు వస్తే మాత్రం పక్కన పడేయకు. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ చేసి, నువ్వు లేకుండానే తేల్చేస్తారు.

డిక్రీ వచ్చిన రోజే పెళ్లి సంబంధాలు చూడొద్దని వదినకు చెప్పు, అప్పీలు గడువు పోవాలి. డిక్రీ కాపీ ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది. దానికి ఎవరైనా చేయి చాపితే ఈ సెక్షన్ గుర్తు చెయ్యి.

ఆదివారం పెద్దలతో మర్యాదగానే మాట్లాడు. మీరు చెప్పిన షరతులే కోర్టు పిటిషన్‌లో రాయిద్దాం, మీరే సాక్షులుగా ఉండండి అను. వాళ్ల మాటా నిలబడుతుంది. సోమవారం పదిన్నరకు అదాలత్ దగ్గరికి రా, న్యాయ సేవాధికార సంస్థకు కలిసి వెళ్దాం. పెళ్లి కార్డు, పెళ్లి ఫొటో, మీ ఇద్దరి ఆధార్, పాప పుట్టిన సర్టిఫికెట్, బంగారం బిల్లులు తీసుకురా. అన్నీ రెండేసి జిరాక్సులు. ఒరిజినల్స్ నీ సంచిలోనే ఉంచుకో, నాకు కూడా ఇవ్వకు.

మీ చిన్నబాపు