సికిల్ సెల్ వ్యాధిగల బిడ్డ: ఇంట తల్లి చేయవలసిన పరీక్ష

సికిల్ సెల్ రక్తహీనత గల పసిబిడ్డకు, ఎడమ ప్రక్కటెముకల క్రింద నుండు ప్లీహములో రక్తము హఠాత్తుగా నిలిచిపోవచ్చును. అట్లయినచో కొలది గంటలలోనే ప్రాణాపాయము కలుగవచ్చును. కావున తల్లి ప్లీహమును తాకి గుర్తించు విధమును వైద్యునివద్ద నేర్చుకొని, ప్రతిదినము బిడ్డను వెల్లకిల పరుండబెట్టి మెల్లగా తాకి చూడవలెను. చదువురాని తల్లియు దీనిని నేర్వగలదు. జమైకా దేశమున తల్లిదండ్రులకు ఈ పరీక్ష నేర్పిన పిమ్మట ఇట్టి మరణములు తగ్గినవని 1985లో ప్రకటితమైన అధ్యయనము తెలిపినది.

ప్లీహము మునుపటికంటె పెరిగినను, బిడ్డ పాలిపోయి నీరసించినను, జ్వరము 101 డిగ్రీల ఫారన్‌హీటు దాటినను తెల్లవారువరకు వేచియుండరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. వైద్యుడు వ్రాసియిచ్చిన పెనిసిలిన్‌ను, బిడ్డ ఆరోగ్యముగా కనిపించినను, కనీసము అయిదేండ్లు నిండువరకు దినమునకు రెండుసార్లు మానక ఇయ్యవలెను.