ఒక్క చుక్క రక్తం, ఒక అంకె



నవంబరు 14 అనగానే మనకు బాలల దినోత్సవం, ఆటల పోటీలు, చాక్లెట్లు గుర్తుకొస్తాయి. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా. 1921లో కెనడా దేశంలోని టొరంటోలో ఇన్సులిన్‌ను కనిపెట్టిన వారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. అందుకే ఈసారి గోడ పత్రికలో షుగర్ జబ్బు గురించి రాస్తున్నాను. ముఖ్యంగా ఊళ్లోనే వేలి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చేసే పరీక్ష గురించి రాస్తున్నాను. షుగర్ పట్నం వాళ్ల జబ్బు, లావుపాటి వాళ్ల జబ్బు అని మన కొండల్లో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎందుకో చదవండి.

రక్తంలో చక్కెర ఎందుకు ఉంటుంది?

మనం తిన్న అన్నం, చోడి అంబలి, దుంపలు కడుపులో అరిగి గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో కలుస్తాయి. పొయ్యికి కట్టెలు ఎలాగో ఒంటికి గ్లూకోజు అలాగ. క్లోమం అనే గ్రంథి నుంచి వచ్చే ఇన్సులిన్ ఆ గ్లూకోజును రక్తంలో నుంచి కండల్లోకి పంపిస్తుంది. ఇన్సులిన్ చాలకపోయినా, ఉన్న ఇన్సులిన్ సరిగా పని చేయకపోయినా చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. దాన్నే మధుమేహం అంటారు.

రక్తంలో చక్కెరను డెసీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని కొలుస్తారు. డెసీలీటరు అంటే 100 మిల్లీలీటర్లు. ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. పెద్ద మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 50 డెసీలీటర్లు. షుగర్ 100 ఉంటే 50 × 100 = 5,000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాములు. ఒక టీ చెంచా చక్కెర అన్నమాట! షుగర్ 200 ఉంటే రెండు చెంచాలు. లెక్క చేసి నేనే ఆశ్చర్యపోయాను. ఒళ్లంతా తిరిగే రక్తంలో ఒక్క చెంచాయే తేడా.

కానీ ఆ రెండో చెంచా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతే కళ్లు, మూత్రపిండాలు, గుండె, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. నరాలు దెబ్బతింటే కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు పడితే తొందరగా మానదు. చెప్పుల్లేకుండా అడవికి, పోడుకు పోయే మనవాళ్లకు ఇది ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఊళ్లోకే వచ్చి ఎందుకు చూడాలి?

మలేరియా వస్తే చలి, జ్వరం వస్తాయి. ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. షుగర్ అలా రాదు. మొదట్లో నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మనిషి మామూలుగానే కొండెక్కుతాడు, దున్నుతాడు, సంతకు పోతాడు. ఎక్కువ దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కనిపించేసరికే చాలా కాలం గడిచిపోయి ఉండవచ్చు. ఒళ్లు బాగానే ఉందనుకున్నవాళ్లు ఆసుపత్రికి ఎందుకు పోతారు? అందుకే పరీక్షే వాళ్ల దగ్గరికి రావాలి.

ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దానికి ముందు మెట్టు మీద ఉన్నారు. ముందు మెట్టు అంటే షుగర్ మామూలు కన్నా ఎక్కువ, జబ్బు అనేంత ఎక్కువ కాదు. వెనక్కి దిగడానికి అవకాశం ఉన్న మెట్టు అది.

మా ఊరి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలంటే 6 కిలోమీటర్లు నడిచి, తర్వాత జీపు ఎక్కాలి. ఒక రోజు కూలి పోతుంది. రిపోర్టు రేపు ఇస్తామంటే ఇంకో రోజు కూలి. చేతిలో పట్టే చిన్న మిషను ఊళ్లోకే వస్తే ఆ ఖర్చు లేదు, అంకె అక్కడికక్కడే తెలుస్తుంది.

ప్రభుత్వ కార్యక్రమంలో 30 ఏళ్లు దాటిన అందరికీ ఈ పరీక్ష చేయాలి. ముందు ఆశ అక్క ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుతుంది. వయసు, పొగాకు, సారా, ఒంటి కష్టం, అమ్మానాన్నలకు షుగర్ ఉందా అని అడిగి మార్కులు వేస్తుంది. టేపుతో నడుము కొలుస్తుంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే మార్కు పడుతుంది. మన యూనిట్ పరీక్షల్లా కాదు, ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే మంచిది కాదు! 4 దాటినవాళ్లను ముందుగా పరీక్షకు రమ్మంటారు.

పరీక్ష ఎలా చేస్తారు?

1. చేతులు సబ్బుతో కడుక్కుని, పొడిగా తుడుచుకోవాలి.
2. మిషనులో కొత్త స్ట్రిప్పు పెట్టాలి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే మూయాలి.
3. కొత్త సూదితో వేలి చివర పక్క భాగంలో గుచ్చాలి. మధ్యలో కన్నా పక్కన నొప్పి తక్కువ.
4. మొదటి చుక్కను దూదితో తుడిచేసి, రెండో చుక్కను స్ట్రిప్పు అంచుకు తాకించాలి. వేలిని గట్టిగా పిండకూడదు.
5. కొన్ని సెకన్లలో మిషను మీద అంకె వస్తుంది.
6. వాడిన సూదిని గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో వేయాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి అస్సలు వాడకూడదు. హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. లాంటివి అంటుకుంటాయి.

స్ట్రిప్పు చివర ఒక ఎంజైము పూత ఉంటుంది. అది రక్తంలోని గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలై చాలా చిన్న కరెంటు పుడుతుంది. గ్లూకోజు ఎంత ఎక్కువైతే కరెంటు అంత ఎక్కువ. మిషను ఆ కరెంటును కొలిచి అంకెగా చూపిస్తుంది. ఎంజైమునూ ఎలక్ట్రోడునూ కలిపి గ్లూకోజు కొలవవచ్చనే ఆలోచనను 1962లో అమెరికాలో లీలాండ్ క్లార్క్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు.

మా ఊళ్లో కొందరు "మన రక్తం పట్టుకుపోయి అమ్ముకుంటారు" అని పరీక్షకు రాలేదు. స్ట్రిప్పు పీల్చుకునే రక్తం, ఒక దోమ కడుపు నిండా తాగే రక్తం కన్నా తక్కువ. దాన్ని అమ్మితే ఎవరు కొంటారు? నేను ఇలా చెప్తే మా మేనత్త నవ్వి వేలు చాపింది.

మిషను ఎప్పుడు తప్పు చెబుతుంది?

బెల్లం, పనస తొన, మామిడిపండు ముట్టుకుని చేయి కడుక్కోకపోతే ఆ తీపి రక్తపు చుక్కలో కలిసి అంకె ఎక్కువగా వస్తుంది. చేయి తడిగా ఉంటే చుక్క పలచబడి సరైన అంకె రాదు. డబ్బా మూత తీసి ఉంచితే మన కొండల చెమ్మకు స్ట్రిప్పులు పాడవుతాయి. వాటి గడువు తేదీ కూడా చూడాలి.

ఇంకో సంగతి మనకు చాలా ముఖ్యం. రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్లకు ఈ మిషను అసలు కన్నా ఎక్కువ అంకె చూపించవచ్చు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ అనే వేరే పరీక్ష ఉంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో అది తప్పు చెప్పవచ్చు. మన ఆదివాసీల్లో రక్తహీనత, సికిల్ సెల్ రెండూ ఉన్నాయి. కాబట్టి అవి ఉన్నవాళ్లు డాక్టరుకు ముందే చెప్పాలి. వేలి పరీక్ష ఒక్కటే చూసి షుగర్ జబ్బు ఉందని తేల్చరు. అది జల్లెడ లాంటిది. ఎవరిని మళ్లీ చూడాలో వేరు చేస్తుంది.

అంకెకు అర్థం ఏమిటి?

ఏ వేళలోనైనా చేసిన పరీక్ష: 140 లోపు ఉంటే ఇప్పటికి భయం లేదు. 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి మళ్లీ చూపించుకోవాలి.

పరగడుపు పరీక్ష (8 గంటలు ఏమీ తినకుండా): 100 లోపు మామూలు. 100 నుంచి 125 ముందు మెట్టు. (ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది 110 నుంచి మొదలవుతుంది.) 126, అంతకు మించితే మధుమేహం అని అనుమానించి, ఇంకోసారి పరీక్ష చేసి తేలుస్తారు.

చూరులో చీటీ

దసరా సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చూరులో ఒక చీటీ కనిపించింది. దాని మీద నాన్న పేరు, పక్కన 172 అని ఉంది. ఊళ్లో పరీక్ష చేసినవాళ్లు చీటీ చేతిలో పెట్టి పోయారంట. దాని అర్థం ఎవరూ చెప్పలేదు. అమ్మ అది ఏదో పథకం నంబరు అనుకుని భద్రంగా దాచింది. మా ఇంట్లో బడికి పోయినదాన్ని నేనే మొదటిదాన్ని. చదివి, మళ్లీ పరీక్ష చేయించుకోవాలని చెప్పాను. "నాకేటైందమ్మా? మొన్ననే కాఫీ బస్తా మోసినాను కదా" అన్నాడు నాన్న. నేను, ఆశ అక్క కలిసి రెండు రోజులు బతిమాలాం.

కూలి పోకుండా సంత రోజు చూసుకుని వెళ్లాం. నాన్న పరగడుపున నడిచాడు. పరీక్ష అయ్యాక తాగడానికి అమ్మ అంబలి కట్టి ఇచ్చింది. అంకె 114 వచ్చింది. ముందు మెట్టు. మాత్రలు అక్కర్లేదని, తిండి మార్చుకుని ఏడాది లోపు మళ్లీ రమ్మని డాక్టరుగారు చెప్పారు. ఆ చీటీ చూరులోనే ఉండిపోయి ఉంటే మాకు ఏమీ తెలిసేది కాదు. ఇప్పుడు నాన్న టీలో ఒక చెంచా చక్కెర తగ్గించాడు. జీలుగు కల్లు మాత్రం ఇంకా మానలేదు. అమ్మ పోరుతూనే ఉంది.

వెనక్కి దిగవచ్చా?

చెన్నైలో ముందు మెట్టు మీద ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ఏ మార్పూ లేని గుంపులో 100కి 55 మందికి మధుమేహం వచ్చింది. తిండి మార్చుకుని రోజూ నడిచిన గుంపులో 100కి 39 మందికే వచ్చింది. అంటే 100 మందిలో 16 మంది తప్పించుకున్నారు. మిషను వాళ్లను కాపాడలేదు. అంకె తెలిశాక వాళ్లు చేసిన పని కాపాడింది.

మనం కొండలెక్కుతాం కదా, మనకెందుకు అంటారు. రోడ్డు పడ్డాక ఆటోలు, బళ్లు వచ్చి నడక తగ్గింది. సామలు, చోళ్లు తగ్గి తెల్ల బియ్యం పెరిగింది. సంతలో కూల్‌డ్రింకు సీసాలు వచ్చాయి. అలాగని చోళ్లు తింటే షుగర్ పోతుందని కాదు, అంబలి కూడా చక్కెరగానే మారుతుంది. అన్నం కుప్ప తగ్గించి పప్పు, ఆకుకూరలు పెంచాలి. సన్నగా ఉన్నవాళ్లకు కూడా ఈ జబ్బు వస్తుంది. చిన్నప్పటి నుంచి తిండి చాలక వచ్చే మధుమేహాన్ని 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఐదో రకంగా గుర్తించింది.

సంక్రాంతి సెలవుల్లో మనం చేయాల్సినవి

1. ఇంట్లో 30 దాటినవాళ్లు పరీక్ష చేయించుకున్నారో లేదో అడగాలి.
2. చూరులో, బియ్యం డబ్బాలో, ట్రంకు పెట్టెలో చీటీలు వెతికి చదివి చెప్పాలి. ఏ వేళ పరీక్షో కూడా చూడాలి.
3. 140 దాటితే భయపెట్టకుండా, ఆశ అక్కకు చెప్పి ఆరోగ్య కేంద్రానికి పంపాలి.
4. ఇప్పటికే మాత్రలు వాడేవాళ్లు పసరు మందు తాగి మాత్రలు మానేయకుండా చూడాలి.

మన అమ్మానాన్నలకు చదువుకునే అవకాశం రాలేదు. వాళ్ల చేతికి వచ్చిన అంకెను చదివి చెప్పాల్సింది మనమే.

చెల్లెళ్లకు ఒక ప్రశ్న: షుగర్ 160 ఉన్న పెద్ద మనిషి రక్తంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉంటుంది? జవాబు కాగితం మీద రాసి గోడ పత్రిక పెట్టెలో వేయండి. సరైన జవాబులు రాసినవాళ్ల పేర్లు వచ్చే సంచికలో రాస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని