బండి మీద ప్యానెల్ పెట్టేముందు

కర్నూలు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బొలెరో క్యారియర్ మీద 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు రెండు వేయించుకుని, డిసెంబర్‌లో స్నేహితులతో గండికోట పోయి రెండు రాత్రులు టెంట్ వేసుకోవాలని నీ ఆలోచన. మంచిదే. మీ అమ్మ మాత్రం "నెత్తిన అద్దాలు పెట్టుకుని హైవే మీద పోతాడంట, నువ్వన్నా చెప్పు అన్నా" అని పొద్దున్నే ఫోన్ చేసింది. నేను ఆర్టీసీ గ్యారేజీలో నట్లు బిగిస్తూ బతికినవాణ్ణి. మా మిద్దె మీద సోలార్ కూడా నేనే చూసుకుంటున్నా. ఫోన్లో చెబితే సగం విని "సరే మామా" అంటావని కాగితం మీద పెడుతున్నా.

ముందు లెక్క. ఎన్ని వాట్ల ప్యానెల్ అని అందరూ అడుగుతారు. ఏం వాడతావో చెప్పకుండా దానికి జవాబు లేదు. నీ జాబితా ప్రకారం 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ ఒకటి, నాలుగు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, రెండు లైట్లు, మీవాడి డ్రోన్. డిసెంబర్ చలిలో ఆ ఫ్రిజ్ రోజుకు సుమారు 400 వాట్ అవర్లు తింటుంది. మే నెలలో అయితే 600 దాటినా ఆశ్చర్యం లేదు. ఫోన్ ఒకసారి నిండడానికి 20 చాలు. అన్నీ కలిపితే రోజుకు 700, అంటే కరెంటు బిల్లు భాషలో ముప్పావు యూనిట్ కూడా కాదు. రెండు రోజులకు 1400.

100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1280 వాట్ అవర్లు పడతాయి. హైదరాబాద్ నుంచి గండికోటకు దారిలో ఆగకుండా పోయినా ఆరేడు గంటలు. ఆల్టర్నేటర్ నుంచి 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టుకుంటే గంట డ్రైవింగ్‌కు 350 పైనే ఎక్కుతుంది. అంటే నువ్వు జమ్మలమడుగు దాటేసరికి బ్యాటరీ నిండుగా ఉంటుంది. ఇక ప్యానెల్ చేయాల్సింది మధ్యలో తరుగును కొంత పూడ్చడమే. 100 వాట్ల ప్యానెల్‌ను చదునుగా పడుకోబెడితే డిసెంబర్ ఎండలో రోజుకు 300కు అటూ ఇటూ ఇస్తుంది. 1400లో 600 అది భరించినా చాలు, ఇంకా బ్యాటరీలో మిగులే. మరి 400 వాట్లు ఎవరికోసం? కొత్త బ్యాటరీ దేనికి, ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది కదా అంటావేమో. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతుంది, పైగా చాలా బరువు. దాన్ని ఇంట్లోనే ఉండనీ.

ప్యానెల్ మీద 100 వాట్లు అని రాసి ఉన్నా అంత రాకపోతే దుకాణంవాడు మోసం చేశాడనుకోకు. ఆ అంకె 25 డిగ్రీల సెల్ వేడి దగ్గర, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురులో కొలిచింది. మన ఎండలో సెల్ 60 డిగ్రీలు దాటుతుంది, 25 దాటాక ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి దాదాపు 0.3 నుంచి 0.4 శాతం దాకా తగ్గుతుంది. అందుకే రూఫ్‌కు అతికించే పల్చటి వంగే ప్యానెళ్లు నాకు నచ్చవు. చూడ్డానికి సోకుగా ఉంటాయి, కింద గాలి ఆడక ఉడికిపోతాయి. అద్దం, అల్యూమినియం ఫ్రేము ఉన్న మామూలు ప్యానెల్ తీసుకో. ఏడెనిమిది కిలోల బరువు. రూఫ్‌కూ దానికీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ వదులు.

మీ పక్కింటివాళ్ల మిద్దె మీద మిగిలిన 540 వాట్ల ప్యానెల్ ఊరికే ఇస్తామన్నారని రాశావు. వద్దు. అది రెండున్నర చదరపు మీటర్ల పైమాటే, బరువు 30 కిలోలకు దగ్గర. దాని వోల్టేజి కూడా 50కి దగ్గరగా ఉంటుంది, ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య పెట్టే చిన్న చార్జ్ కంట్రోలర్లు చాలావరకు తట్టుకోవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నీ ఉత్తరంలో వాట్ల గురించి పేజీ ఉంది, బిగింపు గురించి ఒక్క ముక్క లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురు గాలి తాకే ప్రతి చదరపు మీటరు మీద సుమారు 47 కిలోల ఒత్తిడి పడుతుంది. 80కి తగ్గిస్తే అది 30. వేగం కొంచెం పెరిగితే గాలి బలం దాని వర్గంలో పెరుగుతుంది మరి. ప్యానెల్ ముందు అంచు రెండు వేళ్లు పైకి లేచి ఉంటే చాలు, గాలి కిందకు దూరి పైకి ఎత్తుతుంది. నీ బోల్టులు ఆపాల్సింది బరువును కాదు, ఆ ఎత్తుడును. కాబట్టి ముందు అంచు వెనకకంటే ఎత్తులో ఉండకూడదు, క్యారియర్ ముందు కడ్డీ వెనక అది దాక్కుని ఉంటే ఇంకా మేలు.

ప్యానెల్‌ను తిరగేసి చూడు. ఫ్రేము లోపలికి మడిచిన అంచు ఉంటుంది, దానికి కంపెనీవాళ్లే కొట్టిన కోలటి రంధ్రాలు ఉంటాయి. బోల్టు వాటిలోంచే పోవాలి. వెల్డింగ్ షాపువాడు "ఇక్కడొక హోల్ కొడదాం సార్" అంటాడు, కొట్టనీయకు. డ్రిల్ కాస్త జారితే అద్దం మొత్తం పగిలి చూర్ణమవుతుంది. ఫ్రేముకు నాలుగు చోట్ల ఎల్ యాంగిల్ ముక్కలు, ఎం8 స్టెయిన్‌లెస్ బోల్టులు, అటూ ఇటూ వెడల్పాటి వాషర్లు, నైలాక్ నట్లు. మామూలు నట్టు, స్ప్రింగ్ వాషర్ చాలంటారు. ఘాట్ రోడ్డు మీద గతుకుల్లో ఆ జత ఎలా వదులవుతుందో గ్యారేజీలో రోజూ చూసేవాళ్లం. ఫ్రేము అల్యూమినియం, క్యారియర్ ఇనుము. రెండూ నేరుగా తాకుతూ తడిస్తే అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. మధ్యలో రబ్బరు ముక్క పెట్టు. గట్టి రబ్బరు సుమా, మెత్తటిది బిగించేకొద్దీ నలిగిపోయి నట్టు వదులవుతుంది.

బిగించాక ఒక పని చెయ్యి. నట్టు మీద నుంచి వాషర్ మీదకు, అక్కడి నుంచి యాంగిల్ మీదకు పసుపు పెయింటుతో సన్నటి గీత గియ్యి. నట్టు కాస్త తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. స్పానర్ తీయకుండానే దాబా దగ్గర టీ తాగుతూ పైకి ఒక చూపు చూస్తే తెలిసిపోతుంది. మొదటి 50 కిలోమీటర్లకు ఒకసారి ఆగి తప్పకుండా చూడు. కొత్త బిగింపు సర్దుకునేది అప్పుడే.

క్యారియర్ సంగతీ మర్చిపోకు. బండి పుస్తకంలో రూఫ్ మీద ఎంత బరువు మోయొచ్చో ఉంటుంది. అది నడుస్తున్న బండికి చెప్పిన లెక్క, క్యారియర్ సొంత బరువూ అందులోదే. లోకల్‌గా కొట్టించిన ఇనుప క్యారియరే ముప్పై, నలభై కిలోలు తూగుతుంది. దాని మీద ప్యానెల్, టెంట్, నీళ్ల క్యాన్లు, ఒక స్నేహితుడు ఎక్కి కూర్చుని ఫొటో దిగడం! నీళ్లు డిక్కీలో కింద పెట్టు.

ప్యానెల్‌ను ఎండవైపు వంచడానికి కబ్జాలు పెట్టించమంటావా? గండికోటలో డిసెంబర్ మధ్యాహ్నం సూర్యుడు దక్షిణంగా వాలి 52 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చదునుగా ఉన్న ప్యానెల్ ఆ వేళ అయిదో వంతు నష్టపోతుంది, అంతే. ఆ అయిదో వంతు కోసం రోడ్డు మీద వదులయ్యే జాయింటు పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. నేల వాలుగా ఉన్నచోట రూఫ్ దక్షిణానికి వాలేలా బండి ఆపు, ఖర్చు లేని పని.

నీడ మాత్రం అయిదో వంతుతో వదలదు. మామూలు 100 వాట్ల ప్యానెల్లో 36 సెల్స్ ఒకదాని వెంట ఒకటి వరసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్‌ను నీడ కప్పినా ఆ వరసంతా చతికిలబడుతుంది. వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు ఉంటే సగం ప్యానెలన్నా మిగులుతుంది. నమ్మకపోతే కంట్రోలర్‌లో ఆంపియర్లు చూస్తూ ఒక సెల్ మీద అరచెయ్యి పెట్టించు. అందుకే క్యారియర్ కడ్డీ, ఎత్తుగా కట్టిన టెంటు మూట, నీ ఫొటోలో మూలన కనిపించిన ఫ్యాన్సీ లైటు బార్, వీటి నీడ ప్యానెల్ మీద పడకూడదు. పొద్దున, సాయంత్రం నీడలు పొడుగవుతాయి, అప్పుడు చూసుకో.

ఇక్కడే క్యాంపింగ్‌వాళ్లకు ఇబ్బంది. మనిషికి చెట్టు కింద ఉండాలని, ప్యానెల్‌కు ఎండలో ఉండాలని. గండికోటలో పెన్నా లోయ అంచున బండరాయే, చెట్లు తక్కువ, కాబట్టి నీకు అంత చిక్కు లేదు. మారేడుమిల్లి అడవిలోకి పోతే మాత్రం రూఫ్ మీది ప్యానెల్ అలంకారమే. అటువైపు ఎక్కువ తిరుగుతానంటే చెప్పు, మడిచే ప్యానెల్ ఒకటి, అయిదు మీటర్ల వైరు కొనుక్కో, బోల్టుల గోల వద్దు.

వైరింగ్ గురించి కొంచెమే. ఇంటి వైరు వద్దు, ఎండకు తొక్క పగులుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ డీసీ కేబుల్ తీసుకో. రూఫ్‌కు రంధ్రం కొట్టకు. వెనక తలుపు బీడింగ్ పక్కనుంచి లోపలికి తెచ్చి, లోపలికి వచ్చేముందు వైరును కిందికి ఒక వంపు తిప్పు. వాన నీళ్లు ఆ వంపులోంచే కారిపోతాయి. కంట్రోలర్ ఎంపీపీటీ రకం కొను. చవకగా దొరికే పీడబ్ల్యూఎం 18 వోల్టుల ప్యానెల్‌ను బ్యాటరీ దగ్గరున్న 13కి లాగేసి మిగతాది వదిలేస్తుంది. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు తిరగేసి. బ్యాటరీ ప్లస్ పక్కనే ఫ్యూజు ఉండాలి, జానెడు దూరంలో. బండి నలిగి వైరు తెగితే మంటను ఆపేది అదొక్కటే. బ్యాటరీని సీటు కింద బెల్టుతో కట్టి పెట్టు, ఎండ తగిలే గాజు పక్కన కాదు. బండి స్టార్టింగ్ బ్యాటరీకి ఫ్రిజ్ కలపాలని ఎవరు చెప్పినా వినకు, తెల్లారి బండి కదలదు.

చట్టం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో రాసినదానికి తేడాగా బండిని మార్చొద్దంటుంది. విప్పేసే వీలున్న బిగింపే పెట్టించు, అయినా ఒకసారి ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్‌వాళ్లను అడుగు. బండి ఎత్తు ఎంత పెరిగిందో టేపుతో కొలిచి స్టీరింగ్ దగ్గర రాసి అతికించు. మాల్ సెల్లార్లలోకి దూరేటప్పుడు గుర్తుండదు.

ప్యానెల్ ఇంకా కొనలేదు కదా? ముందు క్యారియర్ పొడవు, వెడల్పు, కడ్డీల మధ్య దూరం కొలిచి నాకు పంపు. యాంగిల్ ముక్కలు ఇక్కడ నాకు తెలిసినవాడి దగ్గర కోయిస్తా. ట్రిప్పుకు ముందు ఆదివారం బండి తీసుకుని కర్నూలు వచ్చెయ్, మధ్యాహ్నానికల్లా బిగించి పంపిస్తా. మీ అమ్మకు ఈ మాట నువ్వే చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య