“అందని” యను మాట

విద్యార్థులు వ్యాసములలో “అందని” యను మాటను తఱచుగా వ్రాయుదురు. మాట చిన్నదైనను దాని ప్రయోగములు పెక్కు గలవు. వానిలో ముఖ్యమైనవానిని ఇచట పరిశీలింతము.

దీనికి మూలము “అందు” అను క్రియ. పైకొమ్మనున్న మామిడికాయ మన చేతికి అందదు. ఇది మొదటి యర్థము. జాబు అందలేదనిన, చేరలేదని భావము. ఆలస్యముగా పోయినవానికి రైలు అందదు. ఇచట దూరమునకు మాఱుగా కాలము వచ్చినది. లోతైన విషయము బుద్ధికి అందదు; ఇచట కొమ్మయు లేదు, చేయియు లేదు. చేతితో మొదలైన మాట ఈ విధముగా మనస్సు వఱకు ప్రాకినది.

ఇక వాక్యనిర్మాణమును చూతము. “మాకు రైలు అందలేదు” అనునపుడు కర్త రైలు. “మాకు” అనునది షష్ఠ్యంతము. ఆలస్యము చేసినది మనము, అందకపోయినది రైలు! మన తప్పు వాక్యమున కానరాదు. “అందుకొను” అనునపుడు చేయి చాచినవాడే కర్త యగును. “అందించు” అనునపుడు మఱియొకనికి చేర్చువాడు కర్త.

సంస్కృతపదములలోను భేదము గలదు. చేరుటకు శక్యము కానిది అగమ్యము. ఇంద్రియములకు తెలియనిది అగోచరము. కష్టముతో దొరకునది దుర్లభము. దొరకనే దొరకనిది అలభ్యము. దుర్లభమైనదానిని అలభ్యమని వ్రాసినచో, చదువరి యాశను వృథాగా త్రుంచినవార మగుదుము.

అన్నిటికంటె ముఖ్యముగా ఎఱుగవలసిన భేదము “అందని”, “అందనీయని” యను మాటలకు గలదు. “ఈ బాలికకు చదువు అందలేదు” అని వ్రాసితిమేని, చదువు తనంతట తానే దూరమైనట్లు తోచును. బడి మాన్పించి ఆమెను పొలమునకో పెండ్లిపీటకో పంపినవారు కానరారు. “చదువు అందనీయలేదు” అనగానే “ఎవరు?” అను ప్రశ్న పుట్టును. “అంటరాని” యను మాటయు ఇట్లే పరీక్షింపదగినది. నిప్పు అంటరానిదనుట వస్తుస్వభావమును దెలుపును. మనుష్యుని అట్లనుట మనుష్యులే కల్పించిన నిషేధము. అందుచేతనే దానిని శాసనముతో తొలగింప వీలయ్యెను: 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది.

కావున విద్యార్థులారా, “అందని” యని వ్రాయుటకు ముందు ఒక్క క్షణ మాగుడు. అది నిజముగా అందనిదా? మనము చేయి చాపనిదా? ఒకరు అందనీయనిదా? మొదటిదైనచో ఆ మాటనే యుంచుడు. రెండవదైనచో లేచి అందుకొనుడు. మూడవదైనచో, “అందించు” అను క్రియ మన భాషలో సిద్ధముగనే యున్నది. దానికి కర్తలు కావలయును.